చిన్నమ్మ సాకిన లామా

మొన్న శుక్రవారం కువైట్‌లో వఫ్రా దగ్గరి ఒక తోటలో, ముక్కూ మొహం తెలియని కుర్రాడి చేతిలోంచి పాలసీసా లాక్కున్నాను. అతనెంత బిత్తరపోయాడో నేనూ అంతే బిత్తరపోయాను. యాభై దాటినవాణ్ణి, నలుగురిలో గొంతు పెంచి మాట్లాడిన సందర్భాలే తక్కువ. సబ్హాన్‌లోని గోదాము నుంచి దాణా మూటలు లారీలో వేసుకుపోయి తోటల్లో దింపి రావడం నా పని. ఆ తోటకు పోవడం అదే మొదలు. మూటలు దించి, చీటీ మీద సంతకం కోసం మనిషిని వెతుకుతుంటే, ఖర్జూరపు చెట్ల కింద ఒక కుర్రాడు కాళ్లు చాపుకుని కూర్చుని, ఒంటె జాతి లామా పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని పాలు పడుతూ కనిపించాడు. రెండో చేత్తో ఫోను పైకెత్తి వీడియో తీసుకుంటున్నాడు. పిల్ల కళ్లు అరమోడ్చి తాగుతోంది. మధ్యమధ్యలో మూసిన నోటితోనే సన్నగా ‘మ్... మ్...’ అని రాగం తీస్తోంది. ఆ రాగం విని నాకు పాతికేళ్లు దాటింది. తర్వాత చూసుకుంటే సీసా నా చేతిలో ఉంది, పాలు నా చొక్కా మీద ఉన్నాయి, కుర్రాడు నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు.

“అయ్యబాబోయ్! అదేంటండీ బాబాయ్ గారూ, అలా లాగేసుకున్నారు?”

“మగదా, ఆడదా ఇది?” అన్నాను.

“మగదేనండీ. తల్లి దగ్గరికి రానివ్వట్లేదండీ, తన్నేత్తంది. పాపం ఆకలికి అల్లాడిపోతంటే నేనే పడతన్నాను. చంటోడని పేరు కూడా ఎట్టేసుకున్నానండీ.”

“పాలు తాపు నాయనా, తాపొద్దని చెప్పలే. ఒళ్లో మాత్రం పెట్టుకోవద్దు. పేరు బెట్టి పిలవొద్దు, ముద్దు జెయ్యొద్దు. తాపినాంక మళ్ల తీస్కపోయి పెద్ద లామాల్లో ఇడిసిపెట్టు. నీ మాట ఇని, నీ దుప్పట్లో పండుకొని పెరిగిందనుకో, అది బతకదు.”

కుర్రాడి పేరు శ్రీను, కోనసీమవాడు. నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని ముందు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. చెట్టు కింద కూర్చుని అరగంటలో అతనికి సంగతంతా చెప్పేశాను. రిగ్గైలో నా గదికి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చున్నాక తట్టింది, శ్రీనుకు చెప్పిన దాంట్లో నేను లేనని. లామా ఉంది, చిన్నమ్మ ఉంది, చిన్నాయన ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు. నా వంతు మొత్తం దాటేశాను. ఇన్నేళ్లుగా దాటేస్తూ వచ్చాను కాబట్టి నాలుక దానంతట అదే దాటేసింది. సిగ్గేసింది. అందుకే ఇప్పుడు ఏదీ దాటకుండా రాద్దామని కూర్చున్నాను.

నేను కువైట్‌కు వచ్చింది గొర్రెల కాపరి వీసా మీద. రాయచోటి దగ్గర మా ఊళ్లో మాది దూదేకుల ఇల్లు. పేరుకు సాయిబులమే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ ముక్క రాదు. కువైట్‌లో ఈ మాట చెబితే హైదరాబాదు వాళ్లు కూడా నమ్మరు, మాటలు దాస్తున్నామనుకుంటారు. స్పాంజి పరుపులు వచ్చాక మా నాయన దూదేకడం మానుకుని గొర్రెలు కొన్నాడు. వాటి వెంట తిరిగి పెరిగాను నేను. ఏడాది పాటు లారీ క్లీనరుగా తిరిగినప్పుడు హిందీ పట్టుబడింది. అప్పటికే వఫ్రాలో ఒక కువైటీ పెద్దాయన తోటలో మా చిన్నాయన దస్తగిరి గొర్రెలు చూస్తుండేవాడు. చిన్నమ్మ హుసేనమ్మ అదే తోటలో వంట మనిషి. వాళ్లు ఆ పెద్దాయనను బాబా అనేవాళ్లు, నేనూ అలాగే అన్నాను. తోటలో మా ముగ్గురిలో హిందీ వచ్చింది నాకొక్కడికే. అరబ్బీ ముగ్గురికీ పని వరకే వచ్చు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత జరిగిందంతా దీనివల్లే జరిగింది.

మాకు రెండు గదుల రేకుల క్యాబిను. చిన్నమ్మ తెల్లవారుజాము నమాజుకు ముందే లేచేది. ఊరి నుంచి పెట్టెలో మోసుకొచ్చిన రాగిపిండితో సంగటి కెలికేది, బుడ్డలు, అంటే వేరుశనగలు, వేయించి ఊరిబిండి పచ్చడి నూరేది. వేగిన బుడ్డల వాసన, గొర్రెల వాసన, తడిసిన జత్ గడ్డి వాసన, ఈ మూడూ కలిసి ఆ క్యాబినులో తెల్లవారేది. జత్ అంటే ఇక్కడ పశువులకు వేసే పచ్చగడ్డి. సంగటి ముద్ద తినే ముందు చిన్నమ్మ చిటికెడంత తీసి గుమ్మం బయట పెట్టేది. పిల్లులొచ్చేవి, పావురాళ్లొచ్చేవి, ఒక్కోసారి కుక్కలూ వచ్చేవి. పిల్లలు లేక ఇలా చేస్తుందని అనుకోవద్దు. ఊళ్లో ముగ్గురు పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసి వచ్చిన మనిషి. ఒంటరిగా ఏ ప్రాణి కనిపించినా దాని నోట్లో ఏదో ఒకటి పెట్టందే ఉండలేదు, అంతే. చిన్నాయన రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. సాయంత్రాలు బీడీ వెలిగించుకుని, తనే తయారు చేసుకున్న దూదేకే విల్లు తీసి, గొర్రెబొచ్చు ముందు వేసుకుని నారిని టంగుటంగున మోగించేవాడు. చేతులు పాత పని కోరుకుంటాయని ఆయన అనేవాడు.

లామాలు వచ్చిన రోజు మా ముగ్గురికీ మతిపోయింది. ఊరకుక్కలు రెండు మూడు సార్లు మందలో పడి గొర్రెపిల్లల్ని చంపేశాయి. దానికి బాబా తెచ్చిన మందు ఇది. పికప్ బండి తలుపు తీస్తే మూడు దిగాయి, రెండు ఆడవి, ఒకటి మగది. ఒంటె మెడ, గొర్రె ఒళ్లు, కుందేలు చెవులు, పెళ్లికూతురికి కాటుక దిద్దినట్టు కళ్లు. మూపురం లేదు. చిన్నాయన ఆ మగదాని దగ్గరకు పోయి, గొర్రె పొట్టేలును పట్టినట్టు దవడ పట్టబోయాడు. అది చెవులు వెనక్కి వాల్చి, మూతి పైకెత్తి, కడుపులోంచి పచ్చటి నెమరు తీసి ఆయన మొహం నిండా ఉమ్మేసింది. ఆ కంపు చెప్పనలవి కాదు. ఏళ్ల తరబడి పశువుల మధ్య బతికిన మా చిన్నాయన మొహం తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. “ఇదేం పశువురా?” అని ఆ రోజంతా అదే మాట అన్నాడు.

తర్వాత ఒక్కోటి చూసేకొద్దీ ఇంకా నోరు వెళ్లబెట్టడమే. మూడూ ఒకే చోట పేడ వేసేవి, అటూ ఇటూ వేస్తే ఒట్టు. పాదాల కింద గిట్టలు కాకుండా మెత్తటి తిత్తులు ఉండేవి, తడి మడిలో నడిచినా నేల చెదిరేది కాదు. వీపు మీద రెండు జత్ మోపులు వేస్తే బుద్ధిగా మోసేవి, మూడోది వేస్తే అక్కడికక్కడే మోకాళ్లు మడిచి కూలబడి, మోపు దించేదాకా లేచేవి కావు. ఎండలు ముదరక ముందే బొచ్చు కత్తిరించాలి, నీళ్లు చల్లాలంటే గేదెకు పోసినట్టు వీపు మీద పోయకూడదు, పొట్ట కిందే చల్లాలి. ఆ బొచ్చులో జిడ్డు ఉండదు. చిన్నాయన దాన్ని ఏకి, చేతులు చూసుకుని, “సబ్బు పనే ల్యాకపాయె” అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. దాంతో చిన్నమ్మకు దిండు చేసిచ్చాడు. ఇక కుక్కల సంగతి. ఒక మధ్యాహ్నం నాలుగు కుక్కలు కంచె దూరి వస్తే మగ లామా గుర్రం సకిలించినట్టు ఒక వింత కేక పెట్టి, గొర్రెలన్నిటినీ వెనక్కి నెట్టి, ఒక్కటే ఎదురెళ్లి ముందు కాళ్లతో తొక్కేసింది. ఒక కుక్క నడుం విరిగింది. మిగతావి మళ్లీ ఆ దిక్కుకు రాలేదు. అంత బలం ఆ సన్నటి కాళ్లలో ఉందని కళ్లారా చూసీ, దాని కొడుకు విషయంలో నాకు బుద్ధి రాలేదు.

రెండో ఏడు ఎండాకాలం మొదట్లో ఆడ లామా ఒకటి ఈనింది. ఈనిన మూడో రోజు ఎండకు తట్టుకోలేక చచ్చిపోయింది. మగపిల్ల మిగిలింది. పుట్టిన గంటకే లేచి నిలబడ్డ పిల్ల అది, తల్లి చుట్టూ తిరుగుతూ రాగం తీస్తోంది. బాబా డాక్టరును పంపాడు. సూడాను మనిషి, పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. బొంబాయిలో చదివాడట, హిందీ బాగా వచ్చు. ఆయన నాకు చెప్పిన మాటలు ఈ రోజుకీ ఒక్కటి కూడా మర్చిపోలేదు. మేకపాలు రోజుకు ఐదు సార్లు పట్టమన్నాడు. పట్టేటప్పుడు కూడా ముట్టుకోకూడదట, కంచె అవతల నిలబడి సీసా మాత్రం చాపాలట. మిగిలిన సమయమంతా పెద్ద లామాల మధ్యే ఉండాలన్నాడు. “అవి కరుస్తాయి, ఉమ్ముతాయి, తరుముతాయి. తరమనివ్వు. మగపిల్లకు హద్దు నేర్పేది అవే. ముద్దు చేస్తే పెద్దయ్యాక మీకే ప్రమాదం. ఈ మాట ఆ అమ్మకు గట్టిగా చెప్పు” అని చిన్నమ్మ వైపు చూపించి చెప్పాడు.

చిన్నమ్మ అప్పటికే పిల్లను కొంగులో చుట్టుకుని ఉంది. “ఏమంటాండాడు రా?” అంది.

“మేకపాలు దినానికి ఐదు తూర్లు తాపమంటాండాడు” అన్నాను.

“అంతేనా?”

“అంతే.”

ఎందుకలా చెప్పానని నన్ను నేనే ఎన్నిసార్లో ప్రశ్నించుకున్నాను. ఆమె మనసు నొప్పించకూడదనా? అది కొంతే. అసలు సంగతి, నాకు గొర్రెల గురించి బాగా తెలుసునన్న పొగరు. మా వైపు తల్లిలేని పొట్టేలు పిల్ల దొరికితే ఇంట్లోకే తెచ్చుకుంటాం. పక్కలో పడుకోబెట్టుకుంటాం, అన్నం చెయ్యి నాకిస్తాం, పేరు పెట్టి పిలుస్తాం. పెద్దయ్యాక అదే మంద ముందు నడుస్తుంది. పిలిస్తే అది వస్తుంది, దాని వెనక మందంతా వస్తుంది. కుక్కల్ని చంపే లామా, పైగా పేరు పెట్టి పిలిస్తే పలికే లామా మా మంద ముందు నడుస్తుంటే బాబా నన్ను ఎంత మెచ్చుకుంటాడో ఊహించుకుంటూ ఉన్నాను. పుస్తకాలు చదివిన డాక్టరుకు మందల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు.

చిన్నమ్మ దానికి బుజ్జోడని పేరు పెట్టింది. క్యాబినులో ఆమె పరుపు పక్కనే వాడి గోనెపట్ట. ఆమె సంగటి కెలుకుతుంటే వాడు భుజం మీద గడ్డం ఆనించి చూసేవాడు. లామాలు ఒకరినొకరు పలకరించుకోవాలంటే ముక్కు దగ్గర ముక్కు పెట్టి ఊపిరి వాసన చూసుకుంటాయి. చిన్నమ్మకు అది ఎవరూ చెప్పలేదు. వాడు మూతి చాపితే ఆమె నవ్వుతూ తన మొహం చాపేది. వాణ్ణి రెండు సార్లు పెద్ద లామాల్లోకి తోలితే అవి ఉమ్మి, కరిచి, తరిమాయి. వాడు ఏడుస్తూ క్యాబినుకు పరిగెత్తుకొచ్చాడు. “తల్లిలేని బిడ్డని తరుముతారా, మీ మొహాలు మండ!” అని చిన్నమ్మ గరిటె పట్టుకుని వాటి మీదికి పోయింది. నేను పక్కనే ఉన్నాను. వాటిని తరమనివ్వమని డాక్టరు చెప్పిన మాట చెవుల్లో వినిపిస్తూనే ఉంది. నవ్వి ఊరుకున్నాను.

ఏడాది దాటాక వాడు గుమ్మానికి అడ్డంగా నిలబడి మమ్మల్ని లోపలికి రానిచ్చేవాడు కాదు. రొమ్ముతో నెట్టేవాడు. “మామగారొచ్చినారు, తప్పుకోండప్పా” అని చిన్నమ్మ ఎగతాళి చేసేది. వాడికి రెండో ఏడు నడుస్తుండగా, చిన్నాయనకు వెనక నుంచి పోయి ఆయన మోకాలి వెనక కొరికాడు. ఆటలనుకున్నాం. బాబా మనవలు శీతాకాలంలో తోటకొచ్చి వాడి మెడకు వేలాడి ఫోటోలు దిగారు.

మూడో ఏడు, ఒక ఉదయం. చిన్నాయన నీళ్ల తొట్టి కడుగుతున్నాడు, వంగి ఉన్నాడు. నేను గడ్డి కోస్తూ యాభై అడుగుల దూరంలో ఉన్నాను. ఒక అరుపు వినబడింది. అది లామా గొంతో మనిషి గొంతో తెలియలేదు. తలెత్తేసరికి చిన్నాయన నేల మీద ఉన్నాడు, బుజ్జోడు ఆయన మీద మోకాళ్లు దించి, రొమ్ముతో అదిమి, భుజం కొరుకుతున్నాడు. నూట యాభై కిలోల జీవం. నా కాళ్లు కదల్లేదు. నిజం చెబుతున్నాను, ఎంతసేపో తెలియదు, కొయ్యబారిపోయి చూస్తూ నిలబడ్డాను. చిన్నమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, “బుజ్జోడా! బుజ్జోడా!” అని వాడి మెడ పట్టి లాగింది. వాడు లేచాడు. లేచి ఆమె వైపు తిరిగి, ముక్కు చాపి ఆమె ఊపిరి వాసన చూశాడు. ఆ తర్వాత చెవులు వాల్చి, ఆమెను కూడా గుండెల మీద గుద్ది పడేశాడు. అప్పుడు కదిలాయి నా కాళ్లు. పార అడ్డం పెట్టి ఇద్దర్నీ ఎలా లాక్కొచ్చానో నాకు గుర్తు లేదు.

చిన్నాయనకు నాలుగు పక్కటెముకలు విరిగాయి. చిన్నమ్మకు మణికట్టు బెణికింది, అంతే. ఆమె ఏడవలేదు. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, ఏ పాము చూసి బెదిరిందో, ఏం మేసి మతి చెడిందో అని వాడి తరఫున కారణాలు వెతుకుతూనే ఉంది.

మర్నాడు సూడాను డాక్టరు వచ్చాడు. దూరం నుంచి వాడిని చాలాసేపు చూసి, నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. వాడికి మతి చెడలేదు, జబ్బూ లేదు. వాడు చిన్నప్పటి నుంచి మనుషుల్లోనే పెరిగాడు, అందుకే మమ్మల్ని లామాలనుకుంటున్నాడు. వయసొచ్చిన మగ లామా తన జాతి వాళ్లతోనే పోట్లాడుతుంది, తన చోటు కోసం. గొర్రెల జోలికి పోదు, ఎందుకంటే గొర్రెలు పరాయివి. “వాడికి మీరంటే ద్వేషం లేదు. మీరు వాడి సొంతవాళ్లు. అందుకే కొడుతున్నాడు” అన్నాడు. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, “చెప్పురా, ఏమంటాండాడు?” అంది. ఈసారి అంతా చెప్పాను. ఒక్కటీ దాచలేదు. ఆమె ఆ డాక్టరు మొహంలోకి సూటిగా చూసి అడిగింది.

“ఈ మాట అప్పుడే చెప్పింటే నేను వాన్ని ముట్టుకొనేదాన్నే కాదు గదా సామీ? చదువుకున్నోడివి, ఎందుకు చెప్పలేదు?”

డాక్టరుకు తెలుగు రాదు. ఆమె బాధ అర్థమైనట్టు తల ఊపి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత ఆమె ఏమడిగిందో చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. “మీకు కృతజ్ఞతలు చెబుతోంది” అన్నాను. ఇంత నీచానికి దిగగలనని నాకే తెలియదు. ఆ రోజు కలిగిన దిగ్భ్రాంతి ముందు చిన్నాయన పడిపోవడం చూసింది కూడా తక్కువే. లామా చేసిన పనికి లామాకు ఒక కారణం ఉంది.

వాడిని చంపేయడమే మంచిదన్నాడు బాబా. శీతాకాలానికి మనవలొస్తారు, ఇంకొకరికి అమ్మితే అక్కడ మనుషుల్ని చంపుతాడు. చిన్నమ్మ ఆయన కాళ్ల ముందు కూర్చుంది. బాబా మంచివాడు, ఆయనకూ కళ్లు తడిశాయి. డాక్టరు ఒక దారి చెప్పాడు. నూటికి ఒకటి కుదిరినా కుదరొచ్చట. మందిచ్చి పడుకోబెట్టి విత్తులు కొట్టేస్తానన్నాడు. తోట చివర చుట్టూ రేకులు కట్టి వాడిని అందులో ఉంచాలి, ఒక్కవైపు మాత్రం తీగ వల, దాని అవతల ఆడ లామా కనిపించాలి. మనిషన్నవాడు వాడి కంట పడకూడదు, వాడి చెవిన పడకూడదు. ముఖ్యంగా పాలు పట్టిన మనిషి. ఎండాకాలం గడిచాక పరీక్షగా మనుషుల్ని చూపిద్దాం. పట్టించుకోకపోతే బతుకుతాడు. మీదికొస్తే చంపే సూది వేసేస్తానన్నాడు.

కాబట్టి చిన్నమ్మ వాడిని బతికించుకోవాలంటే వాడికి కనపడకూడదు. ఆమె దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. వంటింటికి పోవడానికి వాడి రేకుల పక్కగా నలభై అడుగులు చాలు, ఆమె తోటంతా చుట్టి వెళ్లేది. గట్టిగా దగ్గేది కాదు. చిన్నాయన మూలిగినా నోటి మీద చెయ్యి పెట్టేది. నేను మొహానికి గుడ్డ కట్టుకుని, రేకు కింది సందులోంచి గడ్డీ నీళ్లూ తోసేవాణ్ణి. పొద్దున పాలవేళకు వాడు రేకుల అవతల రాగం తీసేవాడు, ‘మ్... మ్...’ అని, గంటల తరబడి. ఆమె ఆ గంటల్లో రోట్లో ఉత్త రాళ్ల ఉప్పు వేసుకుని దంచేది, ఆ చప్పుడుకు అది వినబడకూడదని. ఎండలు ముదిరాక రాగం తగ్గింది. ఒక రోజు పూర్తిగా ఆగిపోయింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. “మర్చిపోతాండాడు, మంచిదే” అంది.

శ్రీను మొన్న నేను చెప్పింది విని, నమ్మకం చాలక, ఫోనులో ఏదో కొట్టి చూశాడు. రెండు నిమిషాల్లో మొహం తెల్లబోయింది. “నిజవేనండీ బాబాయ్ గారూ, ఇందులో కూడా అదే ఉందండీ” అన్నాడు. రెండు నిమిషాలు! తెలుగులోనే చదివి వినిపించాడు నాకు. ఆ రోజుల్లో వఫ్రా తోటలో డాక్టరు మాట చిన్నమ్మ చెవికి చేరాలంటే నా నోరొక్కటే దారి. ఇప్పుడు తోటల్లో లామాల కొట్టాలకు ఫ్యాన్లున్నాయి, పనివాళ్ల జేబుల్లో ఫోన్లున్నాయి, ఎవడి మాటా ఎవడూ నమ్ముకుని కూర్చోనక్కర్లేదు. మనుషులు దూరమయ్యారని, కలిసి తినడం పోయిందని నా వయసువాళ్లు గదుల్లో కూర్చుని గొణుగుతుంటారు, నేనూ గొణుగుతాను. కాని ఈ ఒక్క విషయంలో ఈ కాలం మేలని ఒప్పుకుంటాను. నాలాంటి వాడు మధ్యలో లేకపోవడం మేలు. చిన్నమ్మ ఇప్పుడు రాయచోటిలో పెద్ద కూతురి ఇంట్లో ఉంది. ప్రతి శుక్రవారం ఫోను చేస్తాను. చిన్నాయన సంగతులు, మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడుకుంటాం. ఈ ఒక్కటీ ఇంకా చెప్పలేదు. ఇప్పటికీ ఆమె సూడాను డాక్టరునే తిడుతుంది.

పరీక్ష రోజు చలి మొదలైన ఒక శుక్రవారం ఉదయం. బాబా వచ్చాడు, డాక్టరు పెట్టె పట్టుకుని వచ్చాడు. పెట్టెలో ఏముందో నాకు తెలుసు. చిన్నమ్మ వంటింట్లోనే ఉండాలని అనుకున్నాం. నేను రెండు రేకులు విప్పాను. వాటి వెనక కట్టిన వల మాత్రం మిగిలింది. బుజ్జోడు నెమరు వేస్తూ తల తిప్పాడు. బాబాను చూశాడు, మళ్లీ ఆడ లామా వైపు తిరిగాడు. డాక్టరు వల పక్కనే అటూ ఇటూ నడిచాడు. వాడు చెవి కూడా కదపలేదు. నన్ను నిలబడమన్నారు. వాడి ఎదురుగా నిలబడి, పేరు పెట్టి పిలిచాను. వాడు నన్ను ఒక రాయిని చూసినట్టు చూసి, గడ్డిలోకి మూతి దించాడు. డాక్టరు “మాషా అల్లా” అని నవ్వాడు. బాబా నా భుజం తట్టాడు.

ఆ క్షణం నాకు ఎంత తేలికైపోయిందో చెప్పలేను. నేను చేసిన తప్పంతా ఎవరో చెరిపేసినట్టయింది. ఎవరూ పిలవమనలేదు. డాక్టరు అసలైన మనిషిని ఇంకా చూపించనే లేదని, ఆమెను ఎలా చూపించాలో, ఎంత దూరం నుంచో ఆయన మనసులో ఏదో లెక్క ఉండి ఉంటుందని నాకు తట్టనే లేదు. వంటింటి వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాను.

“చిన్నమ్మా! రా! వచ్చి చూడు, బతికినాడు!”

డాక్టరు చెయ్యెత్తి ఆపబోయాడు. ఆమె అప్పటికే పరిగెత్తుకొస్తోంది. ఎన్నో నెలల తర్వాత ఆ నలభై అడుగుల దారిన, అడ్డంగా, పిండి చేతులతో. వల దగ్గరకొచ్చి, చేత్తో నోరు మూసుకుని నిలబడింది. బుజ్జోడు గడ్డిలోంచి తల ఎత్తాడు. నెమరు ఆగింది. సన్నగా రాగం తీశాడు, పాలపిల్లలా. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, వలకు మూతి ఆనించి, ఆమె ఊపిరి వాసన చూశాడు. ఆమె మొహం చాపింది.

వాడి చెవులు వెనక్కి వాలాయి. రెండడుగులు వెనక్కి వేసి, అరిచి, రొమ్ముతో వలను గుద్దాడు. గుంజ ఒరిగింది. మళ్లీ గుద్దాడు. డాక్టరు చిన్నమ్మ భుజాలు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమెకు భయం వేయలేదు. నా వైపు తిరిగిన ఆ మొహం మీద వెలుగు చూసి నేను నిర్ఘాంతపోయాను. బుగ్గల మీద కన్నీళ్లు కారుతున్నాయి, నోరంతా నవ్వు.

“మర్చిపోలేదురా మస్తానూ! ఎవ్వరినీ గుర్తుపట్టలే వాడు, నన్ను పట్టినాడు! నన్ను మర్చిపోలేదురా!”

ఆమె వెనక నిలబడి బాబా డాక్టరుతో ఒకే ఒక్క మాట అన్నాడు.

“ఖలాస్.”

ఆ మాటకు నేను అర్థం చెప్పాల్సిన పని లేదు. కువైట్‌లో దిగిన మొదటి వారంలోనే అది అందరికీ వచ్చేస్తుంది. చిన్నమ్మ ఆ గొంతు వైపు తల తిప్పింది. డాక్టరు వంగి పెట్టె తెరుస్తున్నాడు. ఆమె మొహం మీది నవ్వు ఇంకా పోలేదు.